వాల్డెమార్ కుండీ మార్చిన ఎండాకాలం

మా మరిది వాల్డెమార్ మొదలుపెట్టని వ్యాపారం లేదు, నిలబెట్టిన వ్యాపారమూ లేదు. కౌజుపిట్టలు పెంచాడు, చచ్చాయి. ఐస్‌క్రీం బండి పెట్టాడు. చలికాలం రాకముందే దాని చక్రాలు కూడా అమ్ముకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు; ఆ అమ్మాయి ఏడాది తిరక్కుండానే వాడి సంగతి గ్రహించి వెళ్ళిపోయింది. ఆ కుటుంబంలోకి వచ్చినవాళ్ళలో తెలివైన మనిషి ఆవిడొక్కతే అని నా అభిప్రాయం.

మాకు జనవరంటే నడి ఎండాకాలం, జూనంటే చలికాలం. ఆ జనవరిలో మంచి ఎండవేళ రాజధాని మోంటెవీడియో నుంచి వచ్చే బస్సు దిగి, మా మీనాస్ ఊళ్ళో, మా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కెమెరా స్టాండు. చంకలో మడతపెట్టిన నల్లటి కుండీ, మొక్కలు పెంచడానికి గుడ్డతో కుట్టింది.

"వదినా, నేనిప్పుడు మాస్టర్ని. జనం ఫోన్లో నా పాఠాలు చూస్తారు."

"దేని మీద పాఠాలు?"

"గంజాయి సాగు మీద."

"ఎప్పుడైనా పెంచావా?"

"పెంచడం వేరు, నేర్పడం వేరు వదినా," అని నన్ను తప్పించుకుని లోపలికి వెళ్ళి, వాళ్ళ నాన్నని కావిలించుకున్నాడు. ముసలాయన మొహం వెలిగిపోయింది. ఆ మొహానికి వెలగడం కూడా వచ్చని వాడు వచ్చినప్పుడే నాకు గుర్తొస్తుంది.

ఆ ఇంట్లో మేమిద్దరమే, నేనూ మా మామగారు అపారిసియో. నా భర్త ఎబెర్ పోయాక నేను వెళ్ళిపోలేదు, ఆయన వెళ్ళమనలేదు. ఉండమని కూడా అనలేదు. నేను బడిలో వంట చేస్తాను కాబట్టి ఎండాకాలం సెలవుల్లో ఇంటిపట్టునే ఉంటాను. ఆయన క్వారీలో రాయి కొట్టిన మనిషి. తెగిన ఇనుప తాడొకటి వచ్చి తగిలి ఎడమ కాలు మోకాలి కింది నుంచి పోయింది. అప్పట్నుంచీ లోకం మీద కోపంతో బతుకుతున్నాడు. లోకమంటే ముఖ్యంగా నేనే, దగ్గర్లో ఉంటాను కనక.

కాలు పోయింది గానీ నొప్పి పోలేదు. లేని పాదంలో, లేని బొటనవేలిలో సలుపు. చలికాలం వచ్చిందంటే మరీను. డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటే రోజంతా నోరు తెరుచుకుని కుర్చీలో నిద్రపోయేవాడు, లేచాక మళ్ళీ మూలిగేవాడు. గంజాయి పువ్వుని నూనెలో కాచి, ఆ చుక్కలు నాలుక కింద వేసుకుంటే మాత్రం ఆ పాదం మాట వినేది. మా దేశంలో ఇది చాటుమాటు వ్యవహారం కాదు. పోస్టాఫీసుకెళ్ళి పేరు రాయించుకుంటే ఇంటికి ఆరు మొక్కలు పెంచుకోవచ్చు. ఈయన ఏటా రెండో మూడో వేసేవాడు. ఆ ఏడు ఆకులు కోసుకుపోయే చీమల దండు ఒకటి వచ్చి మిగతావాటిని పుల్లలు చేసి పోయింది. ఒక్కటే మిగిలింది. పెరట్లో, పాత పెయింటు డబ్బాలో, నా ఛాతీ ఎత్తున. దగ్గరికెళ్తే పిల్లి ఉచ్చ కంపు. నాకు దాని మీద ప్రేమేమీ లేదు. కానీ రాబోయే చలికాలమంతా ఆ డబ్బాలోనే ఉందని తెలుసు. అది లేకపోతే గోడకి ఇవతల పడుకుని ఆ మూలుగులు వినాల్సింది నేనే.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర వాల్డెమార్ తన ఆలోచన బయటపెట్టాడు. ఇంటిని పెంపకందార్ల క్లబ్బు చేస్తాడట. మనుషులొస్తారట, సభ్యత్వాలట.

"వెనక గది ఉంది చూశావా నాన్నా, లైట్లు పెట్టడానికి అంత అనువైన గది దొరకదు. ఒక్క కిటికీ, అదీ చిన్నది."

"అది నా గది," అన్నాను.

"నీదే వదినా. కాదని ఎవరన్నారు? నువ్వు ముందు వరండాలోకి మారావనుకో, గాలి కూడా బాగా ఆడుతుంది."

"వర్షం కూడా బాగా ఆడుతుంది."

ముసలాయన మాంసం ముక్క నములుతూ, "కుర్రాడు ఏదో ఆలోచించే చెప్తున్నాడుగా," అన్నాడు. కుర్రాడి నెత్తి మీద జుట్టు పల్చబడి దీపం వెలుతురు మెరుస్తోంది. నేను పళ్ళాలు తీసేశాను. తినడం అయిందా లేదా అని ఎవర్నీ అడగలేదు.

మర్నాడు కూరగాయలకని బజారుకెళ్ళి వచ్చేసరికి పెరట్లో షూటింగ్. నడినెత్తిన సూర్యుడు. రేకు ముట్టుకుంటే చెయ్యి కాలే వేళ. వాల్డెమార్ తెల్లచొక్కా వేసుకుని, డబ్బాని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, మొక్కని మొదట్లో పట్టుకుని కోడి మెడ లాగినట్టు లాగుతున్నాడు. కెమెరా వైపు నవ్వు మాత్రం చెదరనివ్వడం లేదు. ముసలాయన నీడలో కుర్చీ వేసుకుని, చంకకర్రలు పక్కన పెట్టుకుని, కొడుకుని సినిమా చూసినట్టు చూస్తున్నాడు.

"మిత్రులారా, భయపడకూడదు. మన చేతిలో ధైర్యం ఉందని మొక్కకి తెలియాలి."

"ఆ డబ్బా రేకు కోసేస్తే సరిపోయేదిగా? కత్తెర ఉందిగా గోడకి?" అన్నాను సంచీ కింద పెట్టకుండానే.

"వదినా, రికార్డవుతోంది."

అప్పుడొక చప్పుడు వచ్చింది. పాత దుప్పటి చింపినట్టు. మొక్క పైకి వచ్చేసింది, వేర్లు సగం డబ్బాలోనే ఉండిపోయాయి. వాడు ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే తేరుకుని, అదే పాఠం అన్నట్టు మిగిలిన వేళ్ళని పట్టుకుని దులపడం మొదలుపెట్టాడు. "పాతమట్టి వదలాలి. వేర్లకి గాలాడాలి." మట్టంతా రాలి తెల్లటి వేళ్ళు ఎండలో వేలాడాయి. దాన్ని గుడ్డ కుండీలో నిలబెట్టి, కొత్తమట్టి పోసి, బూటు మడమతో అదిమాడు. తర్వాత ఒక సీసా ఎరువు మూత తీసి, కొలత చూడకుండా, దాహంతో ఉన్నవాడికి పోసినట్టు గడగడా పోశాడు.

"చూశారుగా మిత్రులారా. ఎంత తేలిక!"

ముసలాయన చప్పట్లు కొట్టాడు. దేవుడి మీద ఒట్టు, కొట్టాడు.

సాయంత్రానికి మొక్క పిండకుండా ఆరేసిన బట్టలా వేలాడిపోయింది. ఆకులన్నీ కాడకి అంటుకుని కిందికి చూస్తున్నాయి.

"పడుకుంది," అన్నాడు వాల్డెమార్. "మొక్కలు కూడా కునుకు తీస్తాయి వదినా."

"ఇలా పడుకున్నవాళ్ళని మేం చర్చికి మోసుకెళ్తాం."

"నీకు ప్రతిదాంట్లోనూ చెడే కనిపిస్తుంది," అన్నాడు ముసలాయన. "వాడు చదివి చేస్తున్నాడు."

"ఏం చదివాడు మామయ్యా? సీసా మీద అక్షరాలైనా చదివాడా?"

ఆయన మొహం తిప్పుకున్నాడు. కానీ ఆ తిప్పుకున్న మొహం మొక్క వైపే ఉంది.

పొద్దున్న చూస్తే కింది ఆకుల అంచులు కాలిన కాగితంలా వంకర్లు తిరిగి ఉన్నాయి. వాల్డెమార్ రెండో సీసా బయటికి తీస్తున్నాడు. నేను ఆ సీసా లాక్కుని ఏప్రన్ జేబులో వేసుకుని, చెప్పులేసుకుని బయల్దేరాను.

మా ఊళ్ళో ఈ సాగు సామాన్లు అమ్మే కొట్టు ఒకటుంది. నడిపేది ఫాకుండో అనే మనిషి. గంజాయి ఆకు బొమ్మ ఉన్న టోపీ, అదే బొమ్మ బనీను మీద, అదే బొమ్మ మెడలో గొలుసుకి. తాను ఏమి తాగుతాడో లోకానికి ఇంత గట్టిగా చెప్పుకునేవాణ్ణి సారాకొట్ల దగ్గర కూడా చూడలేదు. అలాంటివాణ్ణి సలహా అడగాల్సొచ్చినందుకు వాల్డెమార్‌ని ఇంకో రెండు తిట్టుకున్నాను. ఫాకుండో నేను చెప్పిందంతా విని, మాతే ఆకు నింపిన సొరబుర్రలో వేణ్ణీళ్ళు పోసుకుని, ఇనుప గొట్టంతో ఆ చేదు తీరిగ్గా పీల్చి, అప్పుడు నోరు విప్పాడు.

"ఇంక ఏమీ చెయ్యకండి అమ్మా."

"ఏమీ చెయ్యకుండా ఉండటానికి మీ కొట్టు దాకా రావాలా?"

"చాలామందికి అదే చేతకాదు. నేనూ ఇలాగే చంపాను కొన్ని. రోజూ ఏదో ఒకటి పోసి, రోజూ మట్టి తవ్వి చూసి."

"మరి బతికించినవేమన్నా ఉన్నాయా?"

"ఒకట్రెండు. విసుగొచ్చి వదిలేసినవి."

నవ్వొచ్చింది గానీ వాడికి చూపించలేదు. చెప్పాడు: ఆ ఎరువంతా కిందికి కారిపోయేదాకా ఒక్కసారి మామూలు నీళ్ళు ధారగా పోసి కడిగెయ్యాలి. ఆ తర్వాత పైమట్టిలో వేలు గుచ్చితే పొడిగా తగిలేదాకా చుక్క పొయ్యకూడదు. తెగిన వేళ్ళు తాగలేవు, బురదలో ఉంటే కుళ్ళిపోతాయి. ఎండ తగలకూడదు, వెలుతురు ఉండాలి. కాండం ఊగితే కొత్త వేళ్ళు తెగుతాయి కాబట్టి కర్ర పాతి వదులుగా కట్టాలి. పొద్దునపూట ఆకుల మీద సన్నగా నీళ్ళు చిలకరించొచ్చు. కొమ్మలు కత్తిరించొద్దు. ఎరువు ఊసే వద్దు.

"బతుకుతుందా?"

"ఏమో. బతికినా టైము తక్కువ. పగటిపొద్దు తగ్గిందంటే అది ఎంతుంటే అంతలోనే పూత పెట్టేస్తుంది. మన కోసం ఆగదు."

అక్కడ ఏదీ కొనకుండా వచ్చేశాను. వాడు ఏదీ అమ్మబోలేదు కూడా. అందుకే కాబోలు ఆ కొట్టు అలా బూజు పట్టి ఉంటుంది.

పెరటి చివర బట్టలుతికే గది ఉంది. రేకు కప్పు, పడమటి వైపు గోడ లేదు, అక్కడో పాత దుప్పటి కడితే ఎండ ఆగుతుంది. కుండీ కింద గోనెపట్టా దూర్చి, మొక్క ఊగకుండా మెల్లగా లాక్కెళ్ళాను. వాల్డెమార్ వెనకే వస్తూ, "సూర్యుడు లేకుండా మొక్క ఎలా బతుకుతుంది వదినా? ఇది మూర్ఖత్వం," అంటూ ఉన్నాడు. పట్టా ఓ కొస పట్టుకుందామన్న ఆలోచన మాత్రం వాడికి రాలేదు. గొట్టం పెట్టి నీళ్ళు వదిలాను. కింద నుంచి గోధుమరంగు నురగ కారింది, వాడి పాఠమంతా. అది తేటపడేదాకా పోశాను. ఎబెర్ చేపల గాలం కర్ర ఒకటి పాతి, పాత మేజోడు చింపి కట్టాను. కట్టాక దూరంగా నిలబడి చూశాను. ఆస్పత్రిలో ఎవరూ చూడ్డానికి రాని రోగిలా ఉంది.

ఆ తర్వాతి రోజులు ఆ మొక్కని బతికించడంలో కంటే వాల్డెమార్‌ని దాని దగ్గరికి రానివ్వకపోవడంలోనే గడిచాయి. ఒకరోజు పంచదార నీళ్ళు తెచ్చాడు. ఇంకోరోజు ఆస్పిరిన్ మాత్రలు నలిపి తెచ్చాడు. ఓ పొద్దున్న గిన్నెలో గుడ్లు గిలక్కొట్టుకుంటూ వస్తున్నాడు.

"అవి నీకా, దానికా?"

"బలం వదినా. మాంసకృత్తులు."

గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి పోయి, అట్టు వేసి, వాడి ముందు పెట్టాను. "నువ్వే తిను. దానికంటే నీకే ఎక్కువ అవసరం." తిన్నాడు. ఉప్పు తక్కువైందన్నాడు.

ముసలాయన మొదట్లో ఆ గది వైపు రాలేదు. వస్తే కొడుకు తప్పు చేశాడని ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు. తర్వాత ఒకరోజు నేను దుప్పట్లు ఉతుకుతుంటే చంకకర్రల చప్పుడు వినిపించింది. వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, మాతే బుర్ర ఒళ్ళో పెట్టుకుని, మొక్కని చూశాడు. కింది ఆకులు సగం పసుపెక్కి రాలిపోయాయి. పైవి ఇంకా వేలాడుతున్నాయి.

"చచ్చింది," అన్నాడు.

"చస్తే నేను చెప్తాను. మీరు తొందరపడకండి."

"నీళ్ళు పొయ్యవేం?"

"వేలు పెట్టి చూడండి."

వంగి మట్టిలో వేలు గుచ్చాడు. తడిగానే తగిలింది. వేలు ప్యాంటుకి తుడుచుకుని, ఇంకేం తప్పు పట్టొచ్చా అని చుట్టూ చూశాడు.

"ఆ మేజోడు నా కొడుకుదా?"

"అవును. ఇప్పుడు ఆయనకి అక్కర్లేదుగా."

ఆయన గొట్టం పీల్చి, మళ్ళీ నీళ్ళు పోసి, బుర్ర నా వైపు చాచాడు. చేతులు సబ్బు నురగతో ఉన్నాయి, తుడుచుకుని తీసుకున్నాను. ఆయన మాతే ఎప్పటిలాగే విషంలా ఉంది. ఆ సంగతి చెప్పాను. "వంటమనిషివి, నీకు మాతే ఏం తెలుసు?" అన్నాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఇన్నేళ్ళలో మేమిద్దరం అంతసేపు ఒకేచోట కూర్చోవడం అదే మొదటిసారి అనుకుంటాను. కూర్చోవడం తప్ప ఇంకేం జరగలేదు. ఎవరి మీద ఎవరికీ మంచి అభిప్రాయం కలగలేదు.

మోకాలి కింద ఖాళీ ప్యాంటు మడతని రెండు చేతులా నొక్కుకుంటున్నాడు.

"నొప్పా?"

"బొటనవేలు. ఎవడో మేకు కొడుతున్నట్టుంది." ఆగి, మొక్క మొదలు చూస్తూ, "డబ్బాలో ఉండిపోయిన వేళ్ళు ఏం చేశావ్?"

"పారేశాను. ఏం చేస్తాను?"

తల ఊపాడు. బకెట్ మీంచి లేవడానికి సాయం పట్టబోతే నా చెయ్యి తోసేశాడు.

అప్పట్నుంచి రోజూ వచ్చేవాడు. రావడం, తప్పులు పట్టడం, మాతే తాగడం. దుప్పటి సరిగ్గా కట్టలేదనేవాడు. నీళ్ళు చిలకరించడం రాదనేవాడు. ఓసారి నేను బట్టలారేసి తిరిగొచ్చేసరికి మొక్కతో మాట్లాడుతున్నాడు, సన్నటి గొంతుతో, క్వారీలో కంచర గాడిదల్ని బుజ్జగించినట్టు. నన్ను చూసి దగ్గాడు. కట్టుకున్న పెళ్ళాంతో గానీ, నా మొగుడితో గానీ ఆ గొంతుతో ఆయన మాట్లాడగా నేను వినలేదు. చిరాకేసింది. ఇంత మెత్తదనం దాచుకుని దాచుకుని ఒక కంపు మొక్క మీద ఖర్చుపెడుతున్నాడే అని.

ఆకులు లేచిన పొద్దున మేమిద్దరం ఒకేసారి చూశాం. కొసన ఉన్న రెండు చిన్న ఆకులు నిలువుగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి లేత పచ్చటి మొలక, బియ్యపుగింజంత.

"చూశావా?" అన్నాడు.

"కళ్ళున్నాయి."

ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అంతే.

ఆ కబురు వాల్డెమార్ చెవినపడటమే పొరపాటైంది. ముసలాయనే భోజనం దగ్గర ఉండబట్టలేక చెప్పేశాడు. వాడి కళ్ళు మెరిశాయి.

"నేను చెప్పానా లేదా? నా ఎరువు పనిచేసింది."

నేను చెంచా కింద పెట్టి వాడి మొహం చూశాను. పరాచికం కాదు. నిజంగానే నమ్ముతున్నాడు. అబద్ధాలాడే మనిషినైనా కాస్త గౌరవించొచ్చు, వాడికి కనీసం నిజం తెలిసి ఉంటుంది.

మర్నాడు నేను తాడు మీద దుప్పట్లు ఆరేస్తుంటే ఉతికే గదిలోంచి ఆ కెమెరా గొంతు వినిపించింది. "మిత్రులారా, చావు నుంచి వెనక్కి తెచ్చిన మొక్క ఇది. ఇప్పుడు కొత్త వేళ్ళు మీ కళ్ళతో మీరే చూడబోతున్నారు." దుప్పటి వదిలేసి పరిగెత్తాను. కర్రకి కట్టిన మేజోడు విప్పేసి ఉంది. వాడు కుండీ అంచు మడిచి, మొక్క మొదట్లో చెయ్యి వేసి, వంగి ఉన్నాడు.

నాకంటే ముందే ముసలాయన గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. చంకకర్ర ఒకటి గోడకి ఆనించి, రెండోదాని మీద బరువేసి నిలబడ్డాడు. నేను ఆయన్ని దాటుకుని లోపలికి పోవడానికి దారి లేదు.

"వాల్డెమార్."

"ఒక్క నిమిషం నాన్నా. పైకెత్తి చూపించి మళ్ళీ పెట్టేస్తా. వేళ్ళు చూపించకపోతే జనం నమ్మరు."

ముసలాయన కొడుకు చేతి వైపు చూస్తున్నాడు. బయట తాడు మీద నేను వదిలేసిన దుప్పటి గాలికి కొట్టుకుంటోంది.

"మోంటెవీడియో బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

"ఏ బస్సు?"

"నువ్వెక్కే బస్సు."

వాల్డెమార్ నవ్వాడు. నవ్వుతూ నా వైపు చూశాడు, తోడు నవ్వుతానని. తర్వాత వాళ్ళ నాన్న మొహం చూసి ఆపేశాడు. మొక్క మీది చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది.

"ఒక మొక్క కోసమా నాన్నా? ఒక్క మొక్క కోసం?"

"భోంచేసి వెళ్ళు," అన్నాడు ముసలాయన. "ఆకలితో ప్రయాణం మంచిది కాదు."

భోంచేశాడు కూడా. రెండుసార్లు వడ్డించుకున్నాడు. గుమ్మం దాటుతూ నా దగ్గర ఆగి, "నువ్వు మా నాన్న మనసు విరిచేశావ్ వదినా," అన్నాడు. వీధి మలుపు తిరిగేదాకా వాడి కెమెరా స్టాండు భుజం మీద మెరుస్తూ కనిపించింది. ముసలాయన కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. నేను మేజోడు మళ్ళీ కట్టి వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాడు.

"నీకిప్పుడు కడుపు నిండిందిగా," అన్నాడు తిరిగి చూడకుండా.

"నాకింకా ఆరెయ్యాల్సిన దుప్పట్లున్నాయి."

వారం రోజులు నాతో మాట్లాడలేదు. అయినా రోజూ వచ్చి బకెట్ మీద కూర్చునేవాడు. మొక్కని పొద్దుటెండలోకి మెల్లమెల్లగా అలవాటు చేశాను, మొదట దుప్పటి సగం తీసి, తర్వాత పూర్తిగా తీసి. ఫిబ్రవరిలో కార్నివాల్ పండగ డప్పులు వీధిలో మోగేటప్పటికి కొత్త ఆకులు అరచేతంత అయ్యాయి. మార్చిలో బడి తెరిచారు, నేను పనికి పోయాను. నేను లేనప్పుడు నీళ్ళు ఆయనే చూసుకున్నాడు. ఇంటికి రాగానే నేను మట్టిలో వేలు పెట్టి చూస్తుంటే, "నా మీద నమ్మకం లేదా?" అని అరిచేవాడు. "లేదు," అనేదాన్ని.

ఫాకుండో చెప్పినట్టే అది మా కోసం ఆగలేదు. పొద్దు తగ్గగానే పూత పెట్టింది. ఒకవైపు కొమ్మలు గిడసబారి, ఇంకోవైపు గూని వచ్చినట్టు వంగి, అంత వికారమైన మొక్క ఆ ఏడు మా ఊళ్ళో ఇంకోటి ఉండి ఉండదు. కానీ పువ్వు గట్టిగా వచ్చింది, చేతికి జిగురంటుకుని ఓ పట్టాన వదిలేది కాదు. ఏప్రిల్లో కోశాం. వంటింట్లో గోడ నుంచి గోడకి దారం కట్టి కొమ్మలు తలకిందులుగా వేలాడదీశాం. అంతా కలిపి రెండు వరసలు కూడా రాలేదు. పొదుపుగా వాడితే చలికాలం గట్టెక్కుతుంది, లేదా గట్టెక్కడానికి కాస్త ముందు అయిపోతుంది.

ఆ ఆదివారం నేను బల్ల ముందు కూర్చుని చిన్నకత్తెరతో ఆకులు తుంచుతున్నాను. ముసలాయన ఎదురుగా కూర్చుని పువ్వులు సీసాలోకి ఏరుతున్నాడు. ఫోన్ మోగింది. ఆయనకి చెవి మందం, గట్టిగా వచ్చేలా పెట్టుకుంటాడు, అవతలి మాట వీధిలోకి కూడా వినిపిస్తుంది.

"నాన్నా, ఎలా ఉన్నావ్? ఆ పాఠం భలే ఆడుతోంది నాన్నా. జనం అడుగుతున్నారు, ఆ మొక్క ఏమైంది, పువ్వెంత వచ్చింది అని. రేపొచ్చి కొంచెం షూట్ చేసుకుని, నాలుగు కొమ్మలు క్లబ్బు వాళ్ళకి చూపించడానికి పట్టుకెళ్తా."

ముసలాయన ఫోన్ చెవికి ఆనించుకుని పైకి చూశాడు. ఆయన నెత్తికి జానెడు ఎత్తులో కొమ్మలు వేలాడుతున్నాయి. గదంతా ఆ కంపే.

"చచ్చిపోయింది," అన్నాడు.

నా చేతిలో కత్తెర ఆగింది. ఆ మనిషి నోటివెంట బూతులు విన్నాను, శాపనార్థాలు విన్నాను. అబద్ధం వినడం అదే మొదటిసారి. అదీ ఆ కొడుకుతో.

"చచ్చిపోయిందా? అయ్యో. ఎలా?" అంది ఫోన్. తర్వాత వెంటనే, "నేనప్పుడే అనుకున్నా నాన్నా. వదిన నీళ్ళెక్కువ పోసేసి ఉంటుంది. నీళ్ళెక్కువ పోసిందా?"

ముసలాయన నా వైపు చూశాడు. కళ్ళు తిప్పుకోకుండానే అన్నాడు.

"అవున్రా. ఎక్కువే పోసింది. చెప్తే వినే మనిషా?"

"పాపం నాన్నా నువ్వు."

"ఏం చేస్తాం," అని ఫోన్ పెట్టేశాడు.

 ఆయన సీసా దగ్గరికి లాక్కుని, ఓ పువ్వు వెలుతుర్లోకి ఎత్తి చూసి, ముక్కుతో పీల్చి, లోపల వేశాడు.

"అలా గుడ్లప్పగించి చూడకపోతే ఆ కొమ్మ తుంచరాదూ," అన్నాడు. "పొద్దుపోయేదాకా చేస్తావా ఏంటి?"

"నోరు ముయ్యండి మామయ్యా," అని, కత్తెరకి అంటిన జిగురు గీకేసి, ఆ కొమ్మ అందుకున్నాను.